బ్రెవే గంగయ్య కోపం

మా మేనమామ గంగయ్య పోయినప్పుడు పోర్ట్ లూయిస్ పత్రిక ఒకటి ఆయన గురించి రెండు ముక్కలు వేసింది. "నమ్మకమైన గుమాస్తా" అట. అది చదివి ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టి దాని మంట మీదే టీ కాచుకున్నాను. నమ్మకం కుక్కకుంటుంది. మా మామకు ఉన్నది కోపం. ఆ కోపం ఎక్కడ పుట్టిందో, ఎవరి చలవ వల్ల పెరిగిందో రాయడానికి నాకంటే తగినవాళ్ళు ఇప్పుడు లేరు. నేను షెమాన్ గ్రెనియేలో పిల్లలకు తెలుగు చెప్పే పంతులమ్మను, పేరు వసంతి. గంగయ్య అక్క నర్సమ్మ కూతురిని. కోపం మా ఇంట్లో అందరికీ ఉంది. నా వాటాకి కొంచెం ఎక్కువే వచ్చింది.

మా తాత కోరంగి రేవులో ఓడ ఎక్కి చెరకు నరకడానికి ఈ దీవికొచ్చాడు. ఆ రేవు పేరే మాకు పేరైపోయింది. మారిషస్‌లో తెలుగువాడంటే కోరంగీ. పిలిచేవాడి నోటిని బట్టి అది పేరూ అవుతుంది, తిట్టూ అవుతుంది. మామ షెమాన్ గ్రెనియే పక్కన కూలీల కాంపులో పుట్టాడు. బొగ్గుముక్క దొరికితే చాలు, గోడ మీద బండి చక్రాలు గీసేవాడట. ఇరుసు ఎక్కడుందో, సీల ఎటు తిరిగిందో అన్నీ ఉన్నదున్నట్టు. అది చూసి ఒక పాద్రీ బళ్ళో కూర్చోబెట్టాడు. ఫ్రెంచి వచ్చింది, ఇంగ్లీషూ వచ్చింది. కొత్త శతాబ్దం మొదలైన ఏడు ఆ పాద్రీ చీటీ పట్టుకుని పోర్ట్ లూయిస్ వెళ్ళి మెత్ర్ పియర్ ఆఫీసులో చేరాడు. ఇక్కడ వకీలును మెత్ర్ అనాలి. ఊరికే పియర్ అంటే ఆయనకు కళ్ళు ఎర్రబడతాయి.

ఆ మెత్ర్ చేసే పనుల్లో ఒకటి బ్రెవేలు రాయించడం. బ్రెవే అంటే పేటెంటు. కొత్త యంత్రమో పనిముట్టో కనిపెట్టినవాడు "ఇది నాది, ఇన్నేళ్ళపాటు నన్నడక్కుండా ఇంకొకడు చెయ్యకూడదు" అని సర్కారు చేత ఒప్పించుకునే హక్కు. చక్కెర మిల్లుల దీవి ఇది. రసం మరిగించే కొత్త బానలని, పిప్పి తగలబెట్టే కొత్త పొయ్యిలని దొరలు వరస కట్టేవాళ్ళు. బొమ్మ గీయాలి. యంత్రం ఎలా నడుస్తుందో రాయాలి. ఆఖరి పేరాలో, ఇందులో ఇంతమట్టుకు నాది అని చెప్పుకోవాలి. ప్రాణమంతా ఆ ఆఖరి పేరాలోనే ఉంటుంది.

మామ మొదట ఊడ్చాడు. తరవాత నకళ్ళు రాశాడు. తరవాత బొమ్మలు గీశాడు. బొమ్మ గీయాలంటే మిల్లుకెళ్ళి యంత్రం చూడాలి గనక, పోయి చూసి, చేసినవాడిని నాలుగు ప్రశ్నలడిగి వచ్చేవాడు. ఆ ప్రశ్నల్లోంచే వివరణ రాయడం వచ్చింది. చివరికి మెత్ర్ ఆ ఆఖరి పేరా కూడా ఆయన చేతికి వదిలేశాడు. నేర్పలేదని అబద్ధం చెప్పను, మెత్రే నేర్పాడు. "గంగయ్యా, మరీ ఎక్కువ నాది నాది అన్నామో, మొత్తం కొట్టేస్తారు. మరీ తక్కువ అన్నామో, పక్కవాడు ఒక మేకు మార్చి ఎత్తుకుపోతాడు," అనేవాడట. పనిలో దిట్ట, ఒప్పుకోవాలి. పనిమంతుడు మంచివాడు కూడా అయి ఉండాలని ఎక్కడా రాసిలేదు కదా.

ఒకసారి మామను కార్తియే మిలితేర్ వైపు ఒక ఎస్టేటుకు పంపారు. గడ్డకట్టిన చక్కెర గీకే కొత్త అమరిక. దొర తనదన్నాడు. మామ మిల్లులోకి వెళ్ళి, "ఈ ముక్క ఇలా ఎందుకు వంచారు?" అని దొరను అడిగితే ఆయన గోడకేసి చూశాడు. మునుస్వామి అనే ఫిట్టరు ముందుకొచ్చి, "సూటిగా ఉంటే రేకు సీరేస్తంది బాబూ, అందుకే వంచేను," అన్నాడు. వంచేను అన్నాడు, వంచారు అనలేదు. మామ ఆ రాత్రి వివరణ రాశాడు, బొమ్మ గీశాడు, కింద దొర పేరు రాశాడు. సొమ్మొకడిది, సోకొకడిది. అలాంటివి ఆ తరవాత ఎన్ని రాశాడో ఆయన లెక్కపెట్టలేదు. నేను అడిగితే నా మీద విరుచుకుపడ్డాడు.

కొన్నేళ్ళు గడిచాక ధైర్యం చేసి అడిగాడు. పరీక్షకు కూర్చుంటాను, మీ కింద శిష్యుడిగా పేరు రాయించండి, నేనూ మెత్ర్‌నవుతాను అని.

మెత్ర్ పియర్ నవ్వి ఆయన భుజం తట్టాడు. "నువ్వు నా కుడిభుజానివి, గంగయ్యా. నీకేం తక్కువ?"

"భుజానికి బరువే గానీ పేరుండదు, మెత్ర్," అన్నాడు మామ.

ఆ మాటకు మెత్ర్ మళ్ళీ నవ్వాడట. వారం రోజులపాటు తోటి వకీళ్ళందరికీ చెప్పుకుని నవ్వాడు. శిష్యుడిగా మాత్రం రాయించలేదు. కోరంగీవాడు ఆఫీసు వెనకగదిలో ఎంత ఎదిగినా ఫరవాలేదు, వీధివైపు గదిలోకి రాకూడదు. ఇంతకుమించి దీంట్లో లోతేమీ లేదు. ఈ పాపం మా మామ తలరాత మీద తోసేస్తే నేను ఊరుకోను.

అయితే చట్టంలో ఒక సందుంది. బ్రెవే కోరేవాడు తన తరఫున ఎవరికైనా అధికారం రాసివ్వొచ్చు. అలా రాయించుకున్నవాడు మెత్ర్ కానక్కరలేదు. అర్జీ మీద ఏజెంటుగా అతని పేరుంటుంది, విచారణలో అతనే మాట్లాడతాడు. ఒక్క అర్జీ తన పేరుతో నడిపి గెలిస్తే, దీవిలో చేతిపని వాళ్ళందరూ దొరల గడప తొక్కకుండా తన దగ్గరికే వస్తారని మామ ఆశ. దానికి ఒక మనిషి కావాలి, ఒక మంచి పనిముట్టు కావాలి. ఆ రెండూ మా ఇంట్లోనే దొరికాయి. దొరక్కపోయినా బాగుండేది.

మా ఊరికి సముద్రం వైపున ఒక నార మిల్లు ఉండేది. కిత్తనార మొక్కను ఇక్కడ అలోయెస్ అంటారు. దాని ఆకు బారెడుంటుంది, అంచున ముళ్ళుంటాయి, రసం పడితే ఒళ్ళు మండుతుంది. ఆ ఆకును తిరిగే డ్రమ్ము నోట్లో పెట్టి, గట్టిగా పట్టుకుని, సగం గీకాక వెనక్కి లాగి, తిప్పి, రెండో సగం పెట్టాలి. చెయ్యి డ్రమ్ముకు జానెడు దూరంలో ఉంటుంది. మా అమ్మ నర్సమ్మ అక్కడ పనిచేసేది. ఒక రోజు ఆకు చటుక్కున లోపలికి పోయింది, దాంతోపాటు ఆమె కుడిచేతి రెండు వేళ్ళూ పోయాయి. మిల్లు యజమాని, మేము గ్రాం మిస్యే, అంటే పెద్దదొర, అని పిలిచే ఆయన, ఆకు వంకరగా పెట్టినందుకు ఆమెనే తిట్టాడు. ఆయన వేళ్ళు పదీ భద్రంగానే ఉండేవి, చుట్ట పట్టుకోవడానికి.

మా నాన్న వీరాస్వామి ఆ మిల్లులోనే కమ్మరి. మాట తక్కువ మనిషి. అమ్మ చేతికి కట్టు విప్పిన నాటినుంచి కొలిమి దగ్గర ఏదో వంచడం, పారెయ్యడం, మళ్ళీ వంచడం. చివరికి ఒకటి కుదిరింది. రెండు ఇనుప దవడలు, వెనక ఒక స్ప్రింగు, పొడుగాటి పిడి. దవడలు ఆకును చిలక ముక్కులా పట్టుకుంటాయి, పిడి తిప్పితే ఆకూ తిరుగుతుంది. ఆకు మరీ లోపలికి లాగేస్తే దవడలు వాటంతటవే వదిలేస్తాయి. చెయ్యి డ్రమ్ము దరిదాపులకు పోనే పోదు. నాన్న దాన్ని చిలక అన్నాడు. ఇంట్లోనే పరీక్షించడానికి చేత్తో తిప్పే చిన్న డ్రమ్ము కూడా చేశాడు.

మామ వచ్చి చూశాడు. నేల మీద కూలబడి, ఆకు పెట్టి, తీసి, పెట్టి, చిన్నపిల్లాడిలా ఆడాడు. లేచి నాన్నను కౌగిలించుకున్నాడు.

"బావా, ఇది నీది. నీ పేరుతో అర్జీ, నా పేరుతో ఏజెంటు. అర్జీ పడేదాకా ఎవులికీ సూపించకు. పదిమందిలో వాడేవంటే హక్కు పోతాది. సట్టం అలాగుంది."

"ఎవులికి సూపిస్తాను?" అన్నాడు నాన్న.

నిజంగా అదే అనుకున్నాడు, అదే చేశాడు కూడా, ఆయన లెక్క ప్రకారం. ఎవరు అంటే పరాయివాళ్ళు. మిల్లుకు చూపించలేదు, బజారులో చూపించలేదు. కానీ అప్పుడే అమ్మోరి పండగ వచ్చింది. మా కాంపులో ఒక ఆచారముంది. కొత్త ఇనుము ఏది చేసినా, కత్తి గానీ గునపం గానీ, పనిలోకి దించేముందు అమ్మోరి ముందు పెట్టి, పసుపు రాసి, వేపకొమ్మ కట్టి, వచ్చినవాళ్ళందరి చేతా ఒక్కసారి ఆడించాలి. పదిమంది చెయ్యి పడని ఇనుము నెత్తురు తాగుతుందంటారు. రెండు వేళ్ళు పోయిన ఇంట్లో ఆ మాట ఎవరు కాదనగలరు? నాన్న చిలకను, చిన్న డ్రమ్మును మోసుకెళ్ళి అమ్మోరి రాళ్ళ ముందు పెట్టాడు. కాంపులో పూజలు చేసే శివయ్య తాత హారతిచ్చాడు. ఒక్కొక్కళ్ళూ వచ్చి ఒక్కో ఆకు పెట్టారు.

ఎవరి మీద కోప్పడాలో నాకు ఇప్పటికీ తెలియనిది ఇక్కడే. మొదటి ఆకు పెట్టింది మా మామ. దొరలకు చట్టం చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిన మనిషి, "అర్జీకి ముందు ఎక్కడా వాడకండి" అని ఫ్రెంచిలో, ఇంగ్లీషులో హెచ్చరించే మనిషి, ఆ రోజు బొట్టు పెట్టుకుని, పంచె కట్టుకుని, ముందువరసలో నిలబడి, చేతులు జోడించి, ఆకు పెట్టాడు. అమ్మోరి ముందు ఆయన నర్సమ్మ తమ్ముడు మాత్రమే. బ్రెవేల గుమాస్తా పోర్ట్ లూయిస్‌లో ఉండిపోయాడు. అది చాలదన్నట్టు, మర్నాడు ప్రసాదం మూటగట్టి ఆఫీసుకు తీసుకెళ్ళి మెత్ర్ పియర్‌కు పెట్టి, పండగ ఎంత ఘనంగా జరిగిందో వర్ణించి చెప్పాడు. మెత్ర్ గారెలు ఇష్టంగా తిన్నాడట. వేళ్ళు నాక్కున్నాడట కూడా.

ఆ నెలలోనే మామ ఉద్యోగం మానేశాడు. ఒక చీనా దుకాణం వరండాలో బల్ల వేసుకుని, తన జన్మలో ఎప్పుడూ రాయనంత శ్రద్ధగా ఆ అర్జీ రాశాడు. కనిపెట్టినవాడు వీరాస్వామి, కమ్మరి. ఏజెంటు గంగయ్య. అంతవరకు నెలల తరబడి ఏ అభ్యంతరమూ లేకుండా సాగే పనికి, ఈసారి వారం తిరక్కుండా అభ్యంతరం పడింది. వేసింది గ్రాం మిస్యే. ఆయన తరఫున వచ్చింది మెత్ర్ పియర్. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని సామెత. ఇక్కడ ఓడను ముంచడానికి కూడా వచ్చాడు బోడి మల్లన్న.

విచారణ చేసే సర్కారు అధికారి ఇంగ్లీషాయన. అభ్యంతరం ఒక్కటే: చిలకను అర్జీకి ముందే పదిమందిలో వాడేశారు. దానికి సాక్షి మిల్లు మేస్త్రీ. పండగకొచ్చి తిని, ఆకు పెట్టి, పోయి చెప్పినవాడు. కానీ వాడు గ్రాం మిస్యే జీతగాడు, వాడి మాట ఒక్కటే చాలదు. మామ దీనికి జవాబు సిద్ధం చేసుకున్నాడు. అది ఇంటి పూజ, ఇంటివాళ్ళ మధ్య జరిగింది, పదిమందిలో వాడినట్టు కాదు. అది వాదనగా నిలిచేదే. అంతటితో ఆగినా బాగుండేది. కానీ ఈ పనిముట్టు ఎందుకు పుట్టిందో అధికారి కళ్ళారా చూడాలనుకున్నాడు. మా అమ్మను పిలిచి ఆ చెయ్యి చూపించమన్నాడు.

అమ్మ పండగ చీర కట్టుకుని, సూయాక్‌లో రైలెక్కి వచ్చింది. నేనూ ఆమె కొంగు పట్టుకుని వెళ్ళాను. "అడిగితే ఇంటి పూజ అని సెప్పు అక్కా, అంతకుమించి సెప్పకు," అని మామ దారంతా నూరిపోశాడు. "ఇంటి పూజే కదా, ఇంకేటి సెప్తాను?" అంది అమ్మ. చెయ్యి చూపించింది. ఇంగ్లీషాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు మెత్ర్ పియర్ లేచాడు. దీవిలో అందరూ మాట్లాడే క్రియోలు భాషలో, ఇంటికొచ్చిన చుట్టంలా మెత్తగా మొదలుపెట్టాడు.

"నర్సమ్మా, మీ అమ్మోరి పండగ ఇంటి పూజేనా?"

"ఇంటి పూజే, మెత్ర్."

"అంటే తలుపులు వేసుకుని చేసుకుంటారన్నమాట."

అమ్మ మామకేసి చూసింది.

"నేనూ విన్నానులే. ప్రసాదం పంచాల్సి వస్తుందని కోరంగీలు పక్క కాంపుకి కూడా తెలియనివ్వరట. ఆకలేసి వచ్చినవాడిని గుమ్మంలోంచే పొమ్మంటారట. నిజమేనా?"

మామ గభాలున లేచాడు. అధికారి కూర్చోమన్నాడు. ఇంకా ఆయన కూర్చోనే లేదు, అమ్మ అందుకుంది.

"ఎవుడన్నాడు ఆ మాట? ఎవుడా అబద్దాలకోరు? మా అమ్మోరి కాడ గుమ్మం ఏటి, తలుపు ఏటి? తూ దిమూన్! అందరూ వత్తారు! కిరస్తానీలొచ్చేరు, సాయిబులొచ్చేరు, దుకాణం సీనాయనొచ్చేడు, మీ మిల్లు మేస్త్రీ రెండుమాట్లు పెట్టించుకు తిన్నాడు. కుక్కొచ్చినా ఇస్తరేసి పెడతాం గానీ పొమ్మనం. మమ్మల్నేటనుకున్నావు?"

"వచ్చినవాళ్ళంతా ఆ చిలకను చూశారా?"

"సూడ్డమేటి? ఒక్కొక్కలూ ఒక్కో ఆకు పెట్టేరు."

మెత్ర్ పియర్ ఆమెకు వంగి దండం పెట్టి కూర్చున్నాడు. మా ఇంటి గారెలు తిన్న మనిషి. మా అమ్మకు ఎక్కడ గుచ్చితే నెత్తురొస్తుందో మా మామ చెప్పిన కబుర్లలోంచే నేర్చుకున్నాడు. నేను చాలామందిని ద్వేషించాను, కొందరి విషయంలో తరవాత మెత్తబడ్డాను కూడా. ఈయన విషయంలో మాత్రం మెత్తబడలేదు.

అర్జీ కొట్టేశారు. "తిరస్కరించడమైనది" అన్న ఒక్క ముక్క, కారణం కూడా రాయలేదు.

స్టేషనులో నలుగురూ చూస్తుండగానే అక్కాతమ్ముళ్ళిద్దరూ అరుచుకున్నారు.

"ఒక్క మాట అక్కా! ఇంటోలమే అంటే సరిపోయేది!"

"ఆకలేసొచ్చినోడ్ని తరిమేసేనని సర్కారు ముందర ఒప్పుకోమంతావా?"

"బావ పని పోయింది. నా పేరు పోయింది."

"నీ పేరు పోతే ఇంకో కాయితం మీద రాసుకో. ఇంటి పేరు పోతే ఎక్కడ రాస్తావురా?"

మామ రైలెక్కలేదు. ఆ రోజునుంచి మా ఇంటికి రాలేదు. ఉగాదులూ పండగలూ వచ్చి పోయాయి. నాన్న అమ్మను ఏమీ అనలేదు, మాట్లాడటం మాత్రం ఇంకా తగ్గించాడు. ఇక మిల్లులో ఏం జరిగిందో చెప్తే మీకూ కోపం రావాలి. రాకపోతే మీతో నాకు పని లేదు. గ్రాం మిస్యే చిలక బాగుందన్నాడు. మిల్లులో ఉన్న ప్రతి డ్రమ్ముకూ ఒకటి చెయ్యమని కమ్మరికి హుకుం వేశాడు. కమ్మరి ఎవరు? మా నాన్న. రోజు కూలికి, దొర బొగ్గుతో, తన చిలకను తానే దొర కోసం కొట్టాడు. ఒకటి తరవాత ఒకటి, ఆ సుత్తి చప్పుడు మా ఇంట్లోకి వినపడేది.

మూడేళ్ళో నాలుగేళ్ళో గడిచాయి. ఆ ఇంగ్లీషు అధికారి దేశం వెళ్ళిపోయాడు, ఇంకొకాయన వచ్చాడు. అప్పుడు గ్రాం మిస్యే తన పేరుతో బ్రెవేకు అర్జీ పెట్టాడు. నారను నొక్కే ఒక రోలరు జోడించానని పేరు, కానీ ఆఖరి పేరాలో చిలక మొత్తాన్నీ తనదే అన్నాడు. రాసింది మెత్ర్ పియర్. మరీ ఎక్కువ నాది నాది అనకూడదని మామకు నేర్పినవాడే. అడిగేవాడు లేడనుకున్నాడు. అది గనక మంజూరైతే, మా నాన్న ఇంకో మిల్లుకు ఒక్క చిలక చేసిచ్చినా దొంగ అవుతాడు. తన ముక్కుకు తాడు తనచేతే పేనించడమంటే ఇదే.

మామ అప్పటికీ ఆ వరండాలోనే అర్జీలు రాసి బతుకుతున్నాడు. గెజెట్టులో వచ్చే ప్రతి బ్రెవే అర్జీ చదవడం మానలేదు. అది చదివిన రోజు సాయంత్రమే మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"అక్కా," అన్నాడు. "ఆ మాటే మళ్ళీ సెప్పాల."

అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "ఏ మాట?"

"అందరూ వత్తారన్న మాట."

"ఆ మాటన్నందుకే కదరా నా గడప తొక్కడం మానేసేవు."

"మానేసేను. తప్పు నీదనుకున్నాను. మొదటాకు పెట్టింది నాను."

అమ్మ ఊక అంతా ఆయన మీదకే ఎగిరేలా చెరిగింది. తరవాత చేట కింద పెట్టి, "లోపలికి రా. అక్కడ నిలబడి అడుక్కోకు," అంది.

రెండో విచారణ మొదటిదానికి తలకిందులు. ఈసారి అభ్యంతరం వేసింది మామ. మిల్లు గోడల లోపల నడిచింది దొర సొంత వాడకమని లెక్కలోకి రాలేదు. పదిమందిలో వాడారని నిరూపించాల్సింది మేము, వాడలేదని వాదించాల్సింది మెత్ర్ పియర్. మాట తిప్పుకోవడం ఆయనకు కష్టమేమీ కాలేదు. అది బొమ్మ డ్రమ్ము అన్నాడు. అది పూజ, పని కాదు అన్నాడు. బంధువులు తప్ప ఎవరూ లేరన్నాడు. మిల్లు మేస్త్రీ కూడా ఈసారి తాను ఏ పండగకూ వెళ్ళలేదన్నాడు. గారెల రుచి మర్చిపోయినట్టున్నాడు. చివరికి అమ్మను లేపారు. మెత్ర్ మెత్తగానే మొదలుపెట్టాడు.

"నర్సమ్మా, అప్పుడు కోపంలో ఏదో గొప్పకు చెప్పావు. నిజానికి వచ్చింది మీ చుట్టాలే కదా?"

అమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "అప్పుడు తలుపులేసుకుంటారంట కదా అని ఎగతాళి సేసేరు, మెత్ర్. ఇప్పుడు ఏసుకున్నామని సెప్పమంతన్నారు. మీకు కావలసినప్పుడు ఏసి, వద్దన్నప్పుడు తీసే తలుపు మా అమ్మోరికి నేదు. తూ దిమూన్ వత్తారు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే." గ్రాం మిస్యే వైపు తిరిగింది. "మీరూ రావొచ్చు, మిస్యే. సెప్పులు బైట ఇప్పి రావాల, అంతే."

పండగకొచ్చిన దుకాణం చీనాయన సాక్ష్యం చెప్పాడు. ఇద్దరు సాయిబులు చెప్పారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఆ రోజు మెత్ర్ పియర్ తల తన్నింది ఆయన పాత మాటలే. గ్రాం మిస్యే అర్జీ కొట్టేశారు.

మామ మిగిలిన బతుకంతా ఇదే పని. మెత్ర్ కాలేదు, కానివ్వలేదు. కాంపు కాంపుకూ తిరిగి, మాంటాన్ బ్లాంష్ దాకా పోయి, ఏ ఫిట్టరు ఏం చేశాడో, ఏ కమ్మరి ఏం వంచాడో కనుక్కునేవాడు. "బ్రెవే తెచ్చే స్తోమతుంటే నోరు మూసుకుని నా కాడికి రండి. నేదంటే అందరికీ సూపించండి, దాసుకోకండి, పండగలో పెట్టి ఆడించండి," అని చెప్పేవాడు. దొరల అర్జీ గెజెట్టులో పడగానే అభ్యంతరం వేసేవాడు. అలా ఎన్నో కొట్టించాడు. బ్రెవే గంగయ్య అన్న పేరు అప్పుడే వచ్చింది, బ్రెవేలు తెచ్చినందుకు కాదు, తెగ్గొట్టినందుకు. మొత్తం మీద తన పేరుతో తెచ్చినవి రెండో మూడో. అవీ చిన్నవి. ఇంత చేసిన మనిషిని నమ్మకమైన గుమాస్తా అన్నారు.

రెండో విచారణ అయిన సాయంత్రం మామ మా ఇంటికే వచ్చాడు. అమ్మ వాకిట్లో చాప వేసి మామకు, నాన్నకు, నాకు వడ్డించింది. నాన్న ముద్ద నోట్లో పెట్టకుండా అడిగాడు.

"గెలిచేమా?"

"గెలవలేదు బావా. ఓడించేం."

మామ జేబులోంచి ఉత్తర్వు నకలు తీశాడు. ఈసారి అధికారి కారణాలు రాశాడు. మామ ఒక్కో వాక్యం చదివి మా మాటల్లో చెప్పాడు. నాన్న మధ్యలో ఆపాడు.

"అందులో నా పేరుందా?"

"ఉంది. ఈ పనిముట్టును వీరాస్వామి అనే కమ్మరి కనిపెట్టి, పండగలో అందరి ముందరా వాడేడు అని ఉంది. అంచేత ఇది ఎవులికీ ఇవ్వడానికి వీల్లేదంట."

"అంటే నానే సేసేనని ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్నారు, బావా."

"అయినా నాది కాదు."

"కాదు. నీదీ కాదు, ఆడిదీ కాదు. ఎవడైనా సేసుకోవచ్చు."

నాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. కొలిమి దగ్గర ఏదో ఇనుము నేలకేసి కొట్టిన చప్పుడైంది. మామ కూడా తినలేకపోయాడు, కాగితం మడత పెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. అమ్మ ఇద్దరి విస్తళ్ళూ తన ముందుకు లాక్కుంది. కుడిచేతికి మిగిలిన మూడు వేళ్ళతోనే అన్నం కలుపుకుని, మండిపడుతూ, కడుపునిండా తింది.